ఓడినవాడి పేరు

కుంభిపురం కోటకు తొమ్మిది ద్వారాలు. ఎనిమిదింటి దగ్గర భటులు గడ్డాలు ఈటెల మీద ఆనించి హాయిగా కునుకు తీస్తుంటారు. తొమ్మిదో ద్వారం దగ్గర మాత్రం పొద్దు పొడిచేసరికి తోపులాట మొదలవుతుంది. అది గోదా ద్వారం మరి.

ఆ గోదాను వర్ణించమంటే ఆస్థాన కవులు మూడు రోజులు తీసుకుంటారు. మనకంత ఓపిక లేదు గనుక టూకీగా చెప్పుకుందాం. చుట్టూ పగడపు రంగు రాతి మెట్లు, మెట్ల మీద పట్టు పందిళ్ళు, పందిళ్ళకు ముత్యాల జాలర్లు. తూర్పున ఏనుగు దంతాల సింహాసనం. దాని మీద గజకర్ణ మహారాజు, ఆయన ఒళ్ళో జంతికల పళ్ళెం. నడుమ పసుపూ, నెయ్యీ, నువ్వులనూనే పోసి తొక్కిన ఎర్రమట్టి. ఆ మట్టి చుట్టూ కంచెలాగా పన్నెండు కొయ్యస్తంభాలు. దూరం నుంచి చూస్తే మామూలు స్తంభాలే. దగ్గరికి వెళితే ఒక్కొక్కదానికీ ముక్కూ మూతీ ఉన్నాయి.

ఇక్కడ ఆడే ఆట పేరు సర్వసాము. కొరకడం, కళ్ళు పొడవడం తప్ప తక్కినవన్నీ చెల్లుతాయి. గుద్దొచ్చు, తన్నొచ్చు, విసిరెయ్యొచ్చు, మెడ బిగించొచ్చు. కుంభిపురంలో ఇద్దరు కలిస్తే ఒకటే వాదన: వేరే ఆటలు ఆడేవాళ్ళు సర్వసాములో నెగ్గుతారా, నెగ్గరా? ఈ వాదనలో అన్నదమ్ములు విడిపోయారు, కుదిరిన పెళ్ళిళ్ళు చెడిపోయాయి, ఒక వంటవాడైతే వాదిస్తూ వాదిస్తూ రాజుగారి పాయసంలో ఉప్పు పోశాడు.

సరిగ్గా ఆ ద్వారం దగ్గరికే ఆ ఉదయం మన ఓబులేసు వచ్చాడు. బక్కపలచని మనిషి, పొడుగు కాళ్ళు, భుజాన సద్దిమూట.

"పేరు?" అన్నాడు కరణం తాటాకు మీంచి తలెత్తకుండానే.

"చిన్నో..."

"చిన్నా పెద్దా మాకెందుకయ్యా! అసలు పేరు చెప్పి చావు. వెనక ఊరంతా నిలబడి ఉంది."

"ఓబులేసు."

"ఏ ఆట?"

"చెడుగుడు."

కరణం అప్పుడు తలెత్తాడు. పక్కనున్న భటుడి వైపు చూశాడు. ఇద్దరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. "పోవయ్యా, పో! మా జగజ్జెట్టి దుందుభినాథుల వారికి కూడా కాస్త కాలక్షేపం కావాలిగా!"

కరణం తొందరపడి చేసిన ఆ తప్పు ఎంతటిదో తెలియాలంటే ఓబులేసు ఇంటి సంగతి చెప్పాలి. ఎర్రకొండ అనే ఊళ్ళో వాళ్ళమ్మ, కొడుకు పుడితే నీ పేరే పెట్టుకుంటానని కొండమీది ఓబులేసుడికి మొక్కుకుంది. కొడుకు పుట్టాడు, పేరు పెట్టింది. నాలుగేళ్ళకు ఇంకో కొడుకు పుట్టాడు. వాడికి వేరే పేరు పెడితే దేవుడు అలుగుతాడేమోనని ఆ తల్లి భయపడింది. అందుకని వాడికీ అదే పేరు పెట్టింది. వాడు పెద్దోబులేసు, వీడు చిన్నోబులేసు. ఉత్తినే "ఓబులేసూ" అని పిలిస్తే ఇంట్లో ఇద్దరూ పలికేవాళ్ళు కారు. నిన్నే నిన్నే అని ఒకడి మీద ఒకడు చెప్పుకునేవాళ్ళు.

పెద్దోబులేసు కుస్తీలో చుట్టుపక్కల ఏడూళ్ళకు మొనగాడు. తమ్ముడి ఆటంటే వాడికి ఒళ్ళుమంట. "తాకి పారిపోయేది గూడా ఒగ ఆటేనా? దొంగతనానికి పేరు మార్చినార్రా మీరు!" అనేవాడు. ఉగాది వెళ్ళిన మర్నాడు సర్వసాము నెగ్గి వస్తానని కుంభిపురం బయలుదేరాడు. మూడు నెలలైంది, మనిషి లేడు, కబురు లేదు. "వాడి ముఖం చూపిస్తే గాని మెతుకు ముట్టను" అని తల్లి మంచం పట్టింది. చిన్నోబులేసు వచ్చింది కిరీటం కోసం కాదు, అన్న కోసం.

లోపలికి వెళ్ళీ వెళ్ళగానే వాడికి అన్న దొరికాడు. నాలుగో స్తంభానికి ఎడమ చెవి ముద్దలా నలిగి ఉంది. ఏళ్ళ తరబడి కుస్తీ పట్టినవాళ్ళ చెవి అలాగే నలిగి గట్టిపడుతుంది. పైగా ఎనిమిదేళ్ళప్పుడు వీడే రాయి విసిరి చేసిన గాటు కనుబొమ్మ మీద అలాగే ఉంది. వాడు ఆ కొయ్యను రెండు చేతులా పట్టుకుని ఏడ్చేశాడు. "అన్నా! ఏందన్నా ఇది!"

"మెల్లగా ఏడు నాయనా, వింటాడు," అంది పక్కనుంచి ఒక గొంతు.

మూడో స్తంభానికి వీపు ఆనించి తమలపాకుల బుట్టతో ఒక ముసలావిడ కూర్చుని ఉంది. పేరు నాగసాని. చిలకలు చుడుతూ వేలికి అంటిన సున్నాన్ని ఎప్పటికప్పుడు ఆ స్తంభానికే తుడుస్తోంది.

"ఎవురు ఇంటాడు? ఏం జరిగిండాది మాయన్నకు?"

"పిలిస్తే పలికాడు. అంతే. ఈ దుందుభినాథుడు జెట్టీ కాదు, గిట్టీ కాదు. పచ్చి మాంత్రికుడు. పేరు పెట్టి పిలుస్తాడు. పలికితే మోకాళ్ళ దాకా కొయ్య. మళ్ళీ పలికితే నడుం దాకా. మూడోసారికి నడినెత్తి దాకా. గజ ఈతగాడు వచ్చాడు, ఒంటికి ఆముదం రాసుకుని జారిపోతూ సగం గెలిచాడు కూడా. 'ఒరే పోలయ్యా' అనగానే 'ఆఁ' అన్నాడు. అదిగో, ఆరో స్తంభం. కర్రసాము వాడు ఏడు, గుర్రపు రౌతు తొమ్మిది. వీళ్ళను చూసి ఊరు ఊరంతా పరాయి ఆటలవాళ్ళు దీనికి పనికిరారని తీర్మానం చేసింది. ఆటల్లో ఏ లోపమూ లేదు నాయనా, ఉన్నదంతా నోట్లోనే."

"రాజుకు జెప్పలేదా ఎవురూ?"

"ఆయనకు తెలియకేం! కంచెకు కొయ్య కలిసొస్తోందని ఊరుకున్నాడు."

"ఈ మూడోది ఎవురవ్వా?"

నాగసాని చేతిలో ఆకు ఒక్క క్షణం ఆగింది. "తాడిచెట్లు ఎక్కేవాడు. దుందుభినాథుడి నెత్తి మీదికే ఎక్కి కూర్చున్నాడు మహానుభావుడు. మా ఆయన. బతుకంతా నా మాట వినలేదు, ఇప్పుడు చూడు ఎంత బుద్ధిగా నిలబడ్డాడో!" అని నవ్వబోయి కళ్ళు తుడుచుకుంది. "ఆ మాంత్రికుడు తన నోటితో పిలిచి వీళ్ళను కొయ్యగా చేశాడు. వాడి నోరే మళ్ళీ మూడుసార్లు పిలిచి, కొయ్య మూడుసార్లు పలికితే మనుషులవుతారట. ఆ దొంగసచ్చినోడు ఎందుకు పిలుస్తాడు!"

ఇంతలో డప్పు మోగింది. దండోరా లింగోజీ గోదా నడుమకు వచ్చాడు. సగం మనిషి, సగం మీసం. "పరాక్! గుండ్లెత్తే గుర్నాథం వర్సెస్..." అనలేదు లెండి, ఆ కాలానికి ఆ మాట ఇంకా పుట్టలేదు. "గుర్నాథానికీ దుందుభినాథులకీ పోటీ!" అన్నాడు.

దుందుభినాథుడు దిగాడు. తాటిమాను లాంటి మనిషి, పులితోలు దట్టీ, మెడలో పునుగుపిల్లుల కోరల దండ. గుర్నాథం ఆయన్ని అమాంతం తలపైకి ఎత్తేశాడు. జనం లేచి నిలబడ్డారు. పైనుంచే దుందుభినాథుడు నగారా మోగినట్టు పిలిచాడు. "గుర్నాథం!"

"ఓయ్!" అన్నాడు వెర్రిబాగులవాడు.

మోకాళ్ళు కొయ్యయిపోయాయి. "గుర్నాథం!" "స్వామీ, నా కాళ్ళు!" నడుం దాకా కొయ్య. "గుర్నాథం!" "కాపాడండి బాబో..." అంతే. భయమేసినవాడి నోరు ఊరుకుంటుందా? పదమూడో స్తంభం తయారైంది. లింగోజీ అలవాటు ప్రకారం డప్పు సవరించుకుని, "ఓడినవాడి పేరేమి స్వామీ?" అని అడిగాడు. ఆ గోదా ఆచారం అది. ఓడినవాడి పేరు గెలిచినవాడి నోటితో పలకాలి. అప్పటిదాకా గెలుపు గెలుపు కాదు. "గుర్నాథం!" అన్నాడు దుందుభినాథుడు. పాపం, గుర్నాథం అప్పటికే చెట్టంత నిద్రలో ఉన్నాడు. పలకలేదు.

"తరవాత ఎర్రకొండ ఓబులేసు! ఆట... చెడుగుడు!" లింగోజీ ఆ మాటను ముక్కుతో అన్నాడు. నవ్వులకు పందిళ్ళు ఊగాయి. రాజుగారికి జంతిక అడ్డం పడింది.

చిన్నోబులేసు సద్దిమూట నాగసానికి అప్పగించి గోదాలో దిగాడు. దిగి, కాలి బొటనవేలితో మట్టిలో అడ్డంగా ఒక గీత గీశాడు.

"అదేమిట్రా?" అన్నాడు దుందుభినాథుడు.

వాడు వంగి గీతను తాకి కళ్ళకు అద్దుకున్నాడు. ఛాతీ నిండా గాలి పీల్చాడు. ఎర్రకొండలో చిన్నోబులేసు ఒక్క కూత పెడితే అది తెగేలోపు పొయ్యి మీద ఎసరు కాగేదని చెప్పుకుంటారు. కొంచెం ఎక్కువ చెప్పుకుంటారేమో గాని, మరీ అబద్ధం కాదు.

"చెడుగుడు చెడుగుడు చెడుగుడు చెడుగుడు..."

గీత దాటాడు. దుందుభినాథుడు కాలు విసిరాడు. ఆ తన్ను తగిలితే గోడ కూలుతుంది. వీడు నడుం వంచి దానికింద నుంచి దూరిపోయి, ఆయన మోకాలి వెనక తాకి అటు గెంతాడు. పిడికిలి వచ్చింది. ఇటు గెంతాడు. రెండో పిడికిలి డొక్కలో దిగింది. పక్కటెముక ఒకటి పటుక్కుమంది. కళ్ళలో చుక్కలు కనిపించాయి. అయినా కూత తెగలేదు. కూత తెగితే ఆట పోయినట్టేనని చిన్నప్పటి నుంచి తలకు ఎక్కించుకున్నవాడు కదా!

"ఓబులేసూ!" అని పిలిచాడు దుందుభినాథుడు.

"...చెడుగుడు చెడుగుడు చెడుగుడు..."

ఇది పలికినట్టా, పలకనట్టా? మంత్రానికి కూడా సందేహం వచ్చి ఉంటుంది. కాని పిలవకముందే మొదలైన మాట పిలుపుకు జవాబు ఎలా అవుతుంది? వీడి కాళ్ళు కాళ్ళలాగే ఉన్నాయి. అయితే నోరు జారిన పిలుపు ఊరికే పోదు. ఆ పేరుగల ఇంకొకడి కోసం వెతుక్కుంటూ వెళ్ళింది. కరణం వాడి పేరు కూడా పెద్దా చిన్నా లేకుండానే రాశాడు మరి!

దుందుభినాథుడి వెనక నాలుగో స్తంభం "ఊఁ" అంటూ ఫెళ్ళున పగిలింది. పెచ్చులు రాలాయి. తల, మెడ, భుజాలు, నడుం దాకా మనిషి బయటపడ్డాడు. "ఎవుర్రా అది, నిద్దర చెడగొడతాండారు?" అని ఆవులించాడు.

మెట్ల మీది జనం ఒక్క గొంతుతో అరిచారు. దుందుభినాథుడు ఆ కేకలు తనకే అనుకుని మీసం దువ్వాడు. మళ్ళీ గొంతెత్తాడు. "ఒరే ఓబులేసూ!"

"ఏందిరా! చెవుడేం లేదులే నాకు!" అన్నాడు వెనకనుంచి పెద్దోబులేసు. కొయ్య మోకాళ్ళ దాకా ఊడిపోయింది.

ఈసారి జనం పగలబడి నవ్వారు. మాంత్రికులకు శాపమంటే భయం లేదు, కత్తంటే భయం లేదు. నవ్వంటే మాత్రం చచ్చేంత భయం. దుందుభినాథుడు గిర్రున వెనక్కి తిరిగాడు. చూశాడు. సంగతి అర్థమైంది. టక్కున నోరు మూసుకున్నాడు.

అక్కడ వచ్చి పడింది చిక్కు. ఇంకొక్క పిలుపు కావాలి. అది ఆ నోటి నుంచే రావాలి. ఆ నోరేమో తాళం వేసుకుంది. చిన్నోబులేసుకు ఛాతీలో గాలి అడుగంటుతోంది. "చెడుగుడు" సన్నగిల్లింది. దుందుభినాథుడు ఇప్పుడు మాట లేకుండా కొడుతున్నాడు. ఒక దెబ్బ దవడ మీద, ఒక దెబ్బ మెడ మీద. వాడు రెండు అడుగులు వెనక్కి తూలి, గీతకు జానెడు దూరంలో బోర్లా పడిపోయాడు. మూతి మట్టిలో కూరుకుంది. కదలలేదు.

"అయిపోయింది!" అన్నారు జనం.

అయిపోలేదు. మట్టిలో, చీమలకు మాత్రమే వినిపించేటంత మెల్లగా, కూత నడుస్తూనే ఉంది.

లింగోజీ డప్పు పట్టుకుని ముందుకు వచ్చాడు. "ఓడినవాడి పేరేమి స్వామీ?"

దుందుభినాథుడు తల అడ్డంగా ఊపాడు.

"అట్లా అంటే ఎలా స్వామీ? పేరు చెప్పకపోతే గెలుపు చెల్లదు. మా తాత డప్పు కొట్టిన నాటి నుంచీ ఇదే ఆచారం."

"పేరు! పేరు! పేరు!" అని మెట్లన్నీ ఊగిపోయాయి. మహారాజు కూడా జంతికతో తాళం వేస్తూ "పేరు!" అన్నాడు. దుందుభినాథుడు ఆలోచించాడు. పిలవడం వేరు, చెప్పడం వేరు. పిలిస్తే కదా పలకడం! ఆ తెలివికి తనకు తానే మురిసిపోయి, ఛాతీ విరుచుకుని, గోదా దద్దరిల్లేలా చాటాడు. "ఓడినవాడు ఓబులేసు!"

ఆయనకు మంత్రాలు తెలుసు గాని కుస్తీవాళ్ళ సంగతి తెలియదు. పెద్దోబులేసు పుట్టి బుద్ధెరిగినాక వాడి పేరునూ ఓటమినీ ఒక్క నోట కలిపినవాడు లేడు.

"ఎవుడ్రా ఓడింది?" అని గర్జించాడు. "ఎవుడ్రా నన్ను ఓడినానంటాండేది? రారా చూస్తాం!"

ఆ పలుకుతో మోకాళ్ళ కింది కొయ్య కూడా తునాతునకలైంది. పెద్దోబులేసు ఒక్క ఊపున దూకి దుందుభినాథుడి నడుం వెనక నుంచి వాటేసుకున్నాడు. ఆ సందులో చిన్నోబులేసు మట్టిలోంచి లేచి, ఆయన బొటనవేలు ఒక్కసారి తాకి, గీత మీదికి దొర్లాడు. దొర్లి, కూత ఆపి, భళ్ళున ఊపిరి వదిలాడు. చూసినవాళ్ళ మాట, ఆ ఊపిరికి ముందు వరుసలో ముగ్గురి తలపాగాలు ఎగిరిపోయాయట.

"చెడుగుడు గెలిచింది! చెడుగుడు గెలిచింది!" లింగోజీ ఇప్పుడు ఆ మాటను ముక్కుతో అనలేదు.

తమ్ముడు అన్నను చూశాడు. అన్న తమ్ముణ్ణి చూశాడు. అప్పుడు అన్న, ఆ పిచ్చి సంతోషంలో, పట్టు వదిలేసి చేతులు చాపి, లోకమంతా వినేలా అరిచాడు. "ఒరే చిన్నోబులేసూ! నువ్వే గెల్చినావంట్రా!"

ఆ పేరు దుందుభినాథుడి చెవిన పడింది. ఆయన కళ్ళు మెరిశాయి. పులితోలు రెక్కలైంది, కోరలదండ గోళ్ళయింది. ఇంతెత్తు డేగ ఒకటి గోదా మట్టిని సుడి తిప్పుతూ పందిళ్ళ పైకి లేచింది. అందరూ కళ్ళు నులుముకుంటున్న ఆ ధూళిలోంచి అచ్చం పెద్దోబులేసు గొంతుతో పిలుపు వచ్చింది. "చిన్నోబులేసూ!"

"ఏందన్నా?" అన్నాడు తమ్ముడు.

అన్నాక గాని, అన్న నోరు కదల్లేదని చూసుకోలేదు. వాడి కాళ్ళు మోకాళ్ళ దాకా కొయ్యబారాయి. పెద్దోబులేసు ఒక్క అంగలో వచ్చి తమ్ముడి నోటిమీద అరచెయ్యి అదిమాడు. "మాట్లాడొద్దు! చచ్చినా మాట్లాడొద్దురా! నీ పేరు వానికి చెప్పింది నేనే గదరా, నా నోట్లో మన్నుబొయ్య!" ఆ మొనగాడు ఏడ్చాడు. జనం ఎదుట, దాచుకోకుండా ఏడ్చాడు.

డేగ ఉత్తర దిక్కుగా, కాకులు కూడా పోని చీకటికోనల వైపు మళ్ళింది. విప్పే పిలుపు ఆ నోట్లోనే ఉంది. పట్టుకోవాల్సిందే. పెద్దోబులేసు తమ్ముణ్ణి ధాన్యం బస్తాలా భుజానికి ఎత్తుకున్నాడు.

"ఆగండి నాయనా!" నాగసాని సద్దిమూటతో రొప్పుతూ వచ్చింది. "వాడు దొరికితే, మా ఆయన్ని కూడా పిలిపించండి. ఆయన పేరు..." అని ఆగిపోయింది. మొగుడి పేరు నోటితో పలికితే ఆయుక్షీణమని నలభై ఏళ్ళు పలకని ఇల్లాలు. అటూ ఇటూ చూసి, సున్నం మరకల స్తంభం వైపు ఒకసారి చూసి, "సుంకన్న," అంది. అని సిగ్గుపడింది. ఆ వయసులో.

"గుర్తుంటాదిలే అవ్వా," అన్నాడు పెద్దోబులేసు.

తొమ్మిదో ద్వారం దాటారు. ఎదురుగా మండుటెండలో మైదానం, దాని చివర నల్లటి కోనలు. డేగ వాళ్ళ నెత్తి మీదుగా ఒక చుట్టు తిరిగింది. మూడు నెలలు కొయ్యలో ఉన్నవాడి కలలన్నీ విన్న డేగ అది. ఈసారి వేరే గొంతు తీసింది. మంచం పట్టిన గొంతు, నీరసపు గొంతు. "చిన్నోబులేసూ... నాయనా... యాడుండావురా?"

వాళ్ళమ్మ గొంతు.

భుజం మీది తమ్ముడికి అరచేతి కింద పెదవులు విడబోయాయి. పెద్దోబులేసు ఆ నోరు ఇంకా గట్టిగా అదిమి పట్టుకుని, చెవిలో మెల్లగా చెప్పాడు. "నువ్వు గమ్మునుండు నాయనా. ఈతూరి కూత నాది."

తర్వాత ఛాతీ నిండా గాలి పీల్చాడు. జీవితంలో ఎన్నడూ ఆడని ఆట, ఎన్నడూ పెట్టని కూత.

"చెడుగుడు చెడుగుడు చెడుగుడు..."

ఆకాశంలోంచి అమ్మ మళ్ళీ పిలిచింది, ఈసారి ఏడుస్తూ, ఈసారి పెద్దవాడినే. పెద్దోబులేసు కళ్ళ నుంచి నీళ్ళు ధారకట్టాయి. పరుగు ఆపలేదు. కూత తెగలేదు.